బావ అడిగిన అంచనా

మన దేశం ముందు ముందు భూమిని వేడెక్కించే వాయువులను ఎంతెంత వదులుతుందో అంచనా కట్టడం నా ఉద్యోగం. ఎంత కరెంటు కావాలి, అందులో బొగ్గుతో వచ్చేది ఎంత, పాత ప్లాంట్లను ఎప్పుడు మూస్తారు అని రకరకాలుగా ఊహించి కంప్యూటరుకు ఇస్తే, ఒక్కో ఊహకు గ్రాఫులో ఒక్కో గీత వస్తుంది. పైకి పోయే గీతను చూస్తే నాకు భయం. తొందరగా కిందికి దిగే గీత కనబడితే ప్రాణం లేచొస్తుంది.

మా అక్కవాళ్లు ముత్తుకూరులో ఉంటారు. బావ అక్కడి థర్మల్ ప్లాంటులో బొగ్గు మోసుకుపోయే బెల్టుల దగ్గర కాంట్రాక్టు పని చేసేవాడు. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఈమధ్య తుఫానుకు వాళ్ల వీధంతా నీళ్లొచ్చాయంటే చూడటానికి వెళ్లాను. మంచాలు ఇంకా ఇటుకల మీదే ఉన్నాయి. ఇల్లంతా బురద వాసన.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని అడిగితే అక్క లేచింది.

"ఇంకో తుఫాను రాకూడదని ప్రార్థన చెయ్యండయ్యా. ప్లాంటు మూసేస్తారని అంటా ఉండారు, అది కూడా మూతపడకూడదు."

అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను గానీ, ఆ రెండు కోరికలూ ఒకే గీత మీద నాకు ఎప్పుడూ కనబడలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర బావ అడిగాడు.

"అమ్మాయ్, మా ప్లాంటు ఇంకెన్నాళ్లుంటాది?"

"అది మేం చెప్పలేం బావా. ఇట్లా చేస్తే ఇట్లా అవుతాదని లెక్క కడతాం, అంతే."

"సరే, నీకు ఏది మంచిదనిపిస్తా ఉండాది?"

ఆయనకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "తొందరగా మూయడమే మంచిది బావా. మీకింకా పనిచేసే వయసు ఉండగానే."

అక్క చేతిలో గరిటె గిన్నెలో పడేసింది. "ఆ బొగ్గులో పడి నిన్ను చదివించినాడే ఈయన! ఇదా నువ్వు చెప్పేది?"

"నువ్వుండు. అడిగింది నేను," అన్నాడు బావ. కంచంలో అన్నం సగం అట్లాగే వదిలేసి చేయి కడుక్కున్నాడు. సాయంత్రం దాకా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వేరే పనులు వెతికే మార్గాలేవో చెప్పబోయాను. వద్దన్నట్టు చేయి ఊపాడు.

నేను తిరిగొచ్చిన కొన్నాళ్లకు బావ ప్లాంటు మానేసి రొయ్యల చెరువుల కాపలాకు చేరాడని తెలిసింది. మూతపడే రోజు దాకా ఉంటే ఆ వయసులో ఎవరూ పని ఇవ్వరని భయపడ్డాడట. అక్కకు ఫోన్ చేశాను.

"నీ మాట పట్టుకుని వచ్చేసినాడు. ఆయన జాగాలో మరుసటి రోజే ఇంకొకరిని పెట్టుకున్నారు. ప్లాంటు నడస్తానే ఉండాది," అని పెట్టేసింది.

నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను. అయినా ఆ మాటతో ప్లాంటులో కాలే బొగ్గు ఒక్క బస్తా కూడా తగ్గలేదు.