ఈశ్వరప్ప తొక్కిన మిద్దె

సదుం చుట్టుపక్కల మట్టి మిద్దె కప్పుకు చవుడు, అంటే నీళ్లు దిగనివ్వని ఉప్పుమన్ను, పరవడం తెలిసినవాళ్లలో ఈశ్వరప్ప ఒక్కడే మిగిలాడు. డెబ్బై ఒక్కేళ్లు. మిద్దె మీద ఎవరు చెప్పులతో కనిపించినా తిడతాడు.

ఈ జూన్‌లో పెద్దపంజాణి దగ్గర ప్రమీల ఆయన్ను పిలిపించింది. ఆమె, భర్త నరేంద్ర పట్టుపురుగులు పెంచుతారు. రేకుల షెడ్డు వేడికి ఒక పంట మొత్తం చచ్చాక, పురుగుల తట్టలన్నీ పాత మట్టి మిద్దెలోకి మార్చారు. మండే ఎండల్లోనూ ఆ ఇల్లు చల్లగా ఉంటుంది. ఇప్పుడు కప్పు కారుతోంది. పురుగులు గూడు కట్టడానికి వారం ఉంది. తడి తగిలితే ఈ పంటా పోతుంది.

ఈశ్వరప్ప నిచ్చెనెక్కి గీరి చూశాడు.

"పైన సిమెంటు పూసిందెవురప్పా?"

"నేనే. కారకూడదని," అన్నాడు నరేంద్ర.

"మిద్దెకు రెయిన్‌కోటు తొడిగినావు. బీటల్లో నీళ్లు దిగతాండాయి, ఆరేదానికి దోవ యాడుండాది? పెరికేయాల."

"లోపల పురుగులుండంగానా? వానొస్తే?"

"పెరక్కపోయినా వానొస్తాది గదప్పా."

"పెరికించు," అంది ప్రమీల.

సిమెంటు పెళ్లలు లేపడానికి రెండు రోజులు పట్టింది. చవుడు తెచ్చినప్పుడల్లా ఈశ్వరప్ప చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పదనం చాలదని రెండు ట్రాక్టర్లు వెనక్కి పంపాడు. మూడోది పరిచీ పరచకముందే, నాలుగో రోజు మధ్యాహ్నం, వాన మొదలైంది.

అందరూ వసారాలోకి పరుగెత్తారు. ఈశ్వరప్ప పైకెక్కాడు.

"దిగప్పా, జారతావు!" అని అరిచాడు నరేంద్ర.

"తడిసినప్పుడు తొక్కితేనే చవుడు కరుసుకొనేది. అమ్మా ప్రమీలా, యాడ సుక్క పడతాదో లోపల్నించి అరుసు!"

"తూర్పు దూలం పక్కన!" తట్టల మధ్యకు పరుగెత్తి అరిచింది ప్రమీల.

అడుగుల చప్పుడు తూర్పుకు జరిగింది.

"ఇంగా పడతాండాది!"

నరేంద్ర చెప్పులు నిచ్చెన కింద విడిచి తనూ ఎక్కాడు. ఇద్దరూ పక్కపక్కన, వానలో, గానుగెద్దుల్లా అదే చోట తిరిగారు. కాసేపటికి లోపల్నించి కేక వినిపించింది.

"నిలిసిపోయిండాదప్పా!"

"పడమర?"

"ఆడా లేదు!"

వాన వెలిసేదాకా ఈశ్వరప్ప దిగలేదు. రెండు రోజులకు పురుగుల్ని గూడు కట్టే చంద్రికల మీదికి ఎక్కించారు. ఒక్క తట్ట కూడా తడవలేదు.

పోతూ పోతూ ఆయన సిమెంటు పెళ్లల కుప్ప చూపించాడు.

"వాకిట్లో పరుసుకో నరేంద్రా. బురద కాదు. దానికి తగిన సోటు అదే."