దొంగ ముట్టని హార్మోనియం

తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక సందు అపార్ట్‌మెంట్‌లో సామేలువి, ఆరోన్‌వి ఎదురెదురు ఫ్లాట్లు. ఒకే చర్చి, ఒకే పాటల బృందం. యూనివర్సిటీలో అటెండరు సామేలుది తండ్రి ఇచ్చిపోయిన హార్మోనియం. కోస్తా నుంచి వచ్చి క్యాంపస్ స్కూల్లో పాఠాలు చెప్పే ఆరోన్‌ది కీబోర్డు. చర్చిలో వేదిక పక్కన కుర్చీ మాత్రం ఒక్కటే. ఒకప్పుడు అది సామేలుది. కీబోర్డు వచ్చాక హార్మోనియం స్తంభం చాటుకు జరిగింది, దాంతోపాటు సామేలూ జరిగాడు. ఆ రోజు నుంచి అతని కడుపుమంట చల్లారలేదు.

పోయిన క్రిస్మస్ ముందు పాటల ప్రాక్టీసుకని క్యాంపస్ హాల్లో ఉంచిన ఆ కీబోర్డును ఎవరో తాళం పగలగొట్టి ఎత్తుకుపోయారు. సామేలు పైకి అయ్యో అన్నాడు గానీ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. పాపం, ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఆరోన్ తన ఇంటికి చేయించిన బీమాలో, బయటికి తీసుకెళ్లిన ఇంటి సామాను దొంగలపాలైనా డబ్బిస్తారట. పాతదాన్ని తలదన్నే కొత్త కీబోర్డు దిగింది. ఆదివారం ఆరోన్ మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు.

"దొంగ ఒకటి తీసుకెళ్లాడు. దేవుడు అంతకంటే మంచిది ఇచ్చాడండి."

చర్చంతా స్తోత్రం అంది. సామేలు పెదవులు మాత్రం ఆడించాడు.

అసలు కుళ్లంతా ఎక్కడంటే, అదే బీమా ఏజెంటు భానుప్రకాశ్ దగ్గర, అదే పాలసీ సామేలుకూ ఉంది. ఏటా కడుతూనే ఉన్నాడు. ఇంట్లోంచి చెంచా కూడా పోలేదు.

"వానిది పోతది, నాది పోదు. దొంగల కండ్లకు గూడ నేను ఆనుతలేనా?" అన్నాడు భార్య కరుణతో.

"గాలి కారే పెట్టెను ఎవడెత్తుకపోతడు? నువ్వు బతిమిలాడి ఇచ్చినా తీస్కోరు."

ఆ మాట ముల్లులా దిగింది. మర్నాడు సామేలు హార్మోనియాన్ని క్యాంపస్‌కు మోసుకెళ్లి, లైబ్రరీ వెనక సిమెంటు బెంచీ మీద పెట్టి, తిరిగి చూడకుండా వచ్చేశాడు. సాయంత్రం వెళ్తే బెంచీ ఖాళీ! అతని మొహం చేటంత అయింది. అక్కడి నుంచే భానుప్రకాశ్‌కు ఫోన్ కొట్టాడు.

"ఏ తలుపు తాళం పగలగొట్టిండ్రన్నా?" అని అడిగాడు ఏజెంటు.

"తలుపేంది? బెంచి మీద పెట్టిన."

"గట్లయితే రాదన్నా. ఇడిసిపెట్టిన సామానుకు కంపెనీ పైసలియ్యదు. ఆరోన్ సార్‌ది తాళం పగలగొట్టి ఎత్తుకపోయిండ్రు. నీది గట్ల కాదు గదా."

సామేలు రెంటికీ చెడ్డ రేవడయ్యాడు. తండ్రి వేళ్లకు అరిగిపోయిన ఆ మెట్లు కళ్లముందు మెదిలితే అన్నం సహించలేదు. దొరికితే చాలు దేవుడా అని, చాలా కాలానికి నిజంగా మొక్కాడు.

ఆదివారం వేదిక ముందు తెల్లగుడ్డ కప్పి ఏదో పెట్టారు. ఆరోన్ గుడ్డ తీశాడు. హార్మోనియం! పోయి దొరికిన వస్తువును ముందు సంఘం ఎదుట ప్రార్థనలో ఉంచి, ఆ తర్వాతే సొంతదారుకు అప్పగించడం ఆ చర్చి ఆనవాయితీ.

"క్యాంపస్‌లో కనబడిందండి. గాలి కారుతుంటే నల్లకుంటలో బాగు చేయించాను. అన్నయ్య పెట్టె అన్నయ్యకు చేర్చిన దేవునికి స్తోత్రం" అన్నాడు ఆరోన్.

మళ్లీ చర్చంతా స్తోత్రం. మళ్లీ పేరు ఆరోన్‌కే.

పాస్టరు మైకు సామేలు చేతికిచ్చాడు. పెట్టె దొరికిన సంతోషం గొంతుదాకా వచ్చి, పక్కన ఆరోన్ నవ్వుమొహం చూడగానే అక్కడే ఆగిపోయింది. ఈ సాక్ష్యం కూడా వీడిదేనా? దీన్ని చెడగొట్టి తీరాలనిపించింది. చెడగొట్టడానికి అతని దగ్గర నిజం తప్ప ఇంకేం లేదు.

"నా పెట్టె ఎవడు ఎత్తుకపోలే. బీమా పైసలొస్తయని నేనే బెంచి మీద ఇడిసిపెట్టొచ్చిన."

ముందు వరుసలో కరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరోన్ మాత్రం నవ్వు చెరగకుండా, మైకుకు అందనంత మెల్లగా సామేలు చెవిలో అన్నాడు.

"తెలుసన్నయ్యా. మీరు పెట్టి వెళ్తుంటే చూశాను. ఇంకెవరైనా పట్టుకుపోతారేమోనని తెచ్చేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దనుకున్నానండి."

అని, తన కీబోర్డు పక్కకు నెట్టి, ఆ కుర్చీలోనే సామేలును కూర్చోబెట్టాడు. సామేలు మెట్లు నొక్కాడు. తండ్రి కాలంలో కూడా ఆ పెట్టె అంత నిండుగా పలకలేదు. కొత్త కీబోర్డు దిగిన రోజు కూడా అతనికి అంత కుళ్లు పుట్టలేదు.