బొత్తామంత ఎరుపు

ముప్పై ఏళ్లు బస్సు సీట్లు కుట్టిన మా పెదనాన్న ఇప్పుడు సెరిబ్రల్ పాల్సీతో వెన్ను వంకర తిరిగిన పిల్లలకు కుర్చీలు చేస్తున్నాడు. ఆ రోజు ఎనిమిదేళ్ల పాపను కొత్త కుర్చీలో కూర్చోబెట్టాడు. సాయంత్రం నాలుగులోపు కుర్చీతో వస్తేనే బళ్లో చేర్చుకుంటామన్నారట. పాప తల నిలబడింది. వాళ్లమ్మ ఊపిరి పీల్చుకుంది.

అరగంటకి పాపను దించి, "ఏదమ్మా, వీపు చూపించు," అన్నాడు.

వాళ్లమ్మ పాప గౌను కిందికి లాగి పట్టుకుంది. "బాగానే ఉందన్నా. తీసుకెళ్లిపోతాం."

"నా పని నన్ను చూసుకోనీ."

గౌను ఎత్తితే పక్కటెముకల మీద బొత్తామంత ఎరుపు. ఇరవై నిమిషాలు చూశాడు. చెరగలేదు.

"కుర్చీ ఒత్తిన ఎరుపు ఇరవై నిమిషాల్లో చెరిగిపోవాలి. ఇలా పంపితే వారం తిరక్కుండా పుండవుతుంది," అంటూ కత్తితో కుర్చీ స్పాంజి చెక్కసాగాడు.

"నాలుగైపోతుందన్నా. బస్సు సీట్లకీ ఇంత చూసేవాడివా?"

"లేదు. అందుకే జనం నిలబడి వెళ్లేవాళ్లు."

ఆవిడ నవ్వలేదు. కానీ చెక్కిన కుర్చీలో మళ్లీ కూర్చోబెట్టి, మూడింటికి పాపను దించగానే, ఆయన అడక్కముందే గౌను తనే ఎత్తింది. ఎరుపు ఉంది. ఇద్దరూ గడియారం వైపు తిరిగారు. పన్నెండో నిమిషానికి చెరిగింది.