రిలీవర్ రాని షిఫ్టు

గుమ్మం దగ్గరే ఎందుకు నిలబడ్డారు, లోపలికి రండి. చాప పరిచే ఉంది, జరిగి నా పక్కకే కూర్చోండి, ఈమధ్య నా గొంతు దూరం పోవడం లేదు. నేను పెద్దగా చదువుకోలేదు. సంతకం పెడతాను, బస్సు మీది బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. అయితే ఒకసారి చూసింది మాత్రం నా కళ్ల ముందు నుంచి పోదు. మా ఆయనను నడిపించడానికి ఎక్కడో మంచు పడే దేశం నుంచి ఒక బిడ్డ వచ్చింది. ఆమె వెళ్లిపోయిన రోజు సంగతి చెబుతాను, వినండి.

మాది బెల్లంపల్లి. మా ఆయన బొగ్గుబాయిలో పంపు నడిపేవాడు. బాయి అడుగున నీళ్లు ఊరుతూనే ఉంటాయి, వాటిని పంపు పైకి తోడుతూనే ఉండాలి. అది ఆగితే లోపల పనిచేసేవాళ్ల కాళ్ల కిందికి నీళ్లొస్తాయి. అందుకని పంపు మీద ఉన్న మనిషి తన షిఫ్టు అయిపోయినా సరే, తర్వాతి మనిషి వచ్చి చెయ్యి వేసేదాకా కదలకూడదు. ఆ వచ్చే మనిషినే రిలీవర్ అంటారు. ఒక ముసురు రోజు రిలీవర్ రాలేదు. మా ఆయన రెండో షిఫ్టు కూడా అక్కడే ఉండిపోయాడు. నేను సద్దిగిన్నె పట్టుకుని బాయి గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డాను. ఎప్పటికో పైకొచ్చి, నా ముఖం చూసి, "ఏమే, దాన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి ఎట్లొస్తనే?" అన్నాడు. ఉయ్యాలలో పసిపిల్ల గురించి చెప్పినట్టు చెప్పాడు.

రిటైరయ్యాక బస్తీలో రెండు గదులు వేసుకున్నాం. ఒక పొద్దున చాయ్ తాగుతుంటే గ్లాసు జారి పడింది. తీయబోతే చెయ్యి లేవలేదు. కుడివైపంతా పడిపోయింది. మాట ముద్దగా అయింది కానీ పోలేదు. పెద్ద దవాఖానలో ప్రాణం నిలిపారు, మంచానికి అప్పజెప్పి ఇంటికి పంపారు. ఆ తర్వాత ఆయనకు ఒకటే బాధ. నేను మంచం మీదే తొట్టి పెట్టి, ఎత్తి పారబోస్తుంటే గోడవైపు తిరిగి కళ్లు మూసుకునేవాడు. "నా అంతల నేను బాత్రూంకు పోవాలె. గంతే. ఇంకేం అడుగుత లేను" అనేవాడు. మా బాత్రూం పెరట్లో, పెరటి వాకిలి దాటి నాలుగడుగులు వేస్తే వస్తుంది.

ఎవరో చెబితే ఊరి చివర మిషన్ దవాఖానకు ఆటోలో తీసుకుపోయాను. ఆ అమ్మాయి అక్కడే ఉంది. పడిపోయిన కాళ్లను మళ్లీ నడిపించడం ఆమె చదువు. జీతం లేకుండా సేవకు వచ్చిందట. తెలుగు రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి, ముక్కలు ముక్కలుగా వచ్చినా అచ్చం మా బస్తీ మాటే వచ్చింది.

"బాపూ, జర లే. నకరాల్ చెయ్యకు" అంది మొదటి వారంలోనే.

మా ఆయన మంచాన పడ్డాక ఆ రోజే నవ్వాడు. "ఎవలు నేర్పిండ్రు బిడ్డా గీ మాట?"

"నీ భార్య. రోజు చెప్తది కదా."

నడుం ఎత్తున రెండు ఇనుప గొట్టాలు, వాటి మధ్య నడవాలి. ఆయన నడుముకు వెడల్పాటి పట్టీ కట్టి, వెనక నుంచి దాన్ని పట్టుకునేది ఆమె. లాగేది కాదు, ఎత్తేది కాదు. పట్టుకున్నట్టు తెలియకుండా పట్టుకునేది. మొదట నిలబడ్డాడు. తర్వాత కాలు ఈడ్చాడు. చలికాలం పోయేసరికి గొట్టాల ఆ కొస దాకా పోయి వస్తున్నాడు. "ఎండలు ముదిరేలోపు పెరట్లకు పోత చూడు" అని ఆటోవాడితో కూడా పందెం కాశాడు.

అప్పుడే ఆమె చెప్పింది. "వచ్చే నెల నేను పోత బాపూ. నా టైం ఒడిసింది. వీసా లేదు."

"పో బిడ్డా, ఎవలి ఇల్లు వాళ్లకుంటది. నీ రిలీవర్ ఎప్పుడొస్తడు?"

ఆమెకు అర్థం కాలేదు. నేను చేతులు తిప్పుతూ, పంపు సంగతంతా చెప్పి వివరించాను. అర్థమయ్యాక తల వంచుకుంది. "తెల్వదు" అంది. దవాఖాన చూసుకునే ఫాదర్‌ను అడిగితే, "రాసినం పెద్దమనిషీ. ఎవరన్న వస్తరు" అన్నాడు. మా ఆయన చెవికి ఆ 'వస్తరు' ఒక్కటే ఎక్కింది.

ఆ నెలంతా ఆమె నాకు నేర్పింది. పట్టీని నా చేతిలో పెట్టి, నా చేతి మీద తన చెయ్యి పెట్టేది. నేను ఆయన భుజానికి కూడా రాను, ఆయన చూస్తే మొద్దులాంటి మనిషి. ఆమె చెయ్యి తీసిన మరుక్షణం ఆయనకు తెలిసిపోయేది. బిగుసుకుపోయి కుర్చీ కోసం వెతికేవాడు.

"నువ్ పట్టకు. నీకు తెల్వదు."

"ఇన్నేండ్లు నా చేతి బువ్వ తిన్నవు, నా చెయ్యి మీద నమ్మకం లేదా?"

"బువ్వ కింద పడితే ఎత్తుకోవచ్చు. నేను పడితే ఎవలెత్తుతరు?"

నాకు కోపం రాలేదు. నిజమే కదా. నేను ఎత్తలేను.

ఆమె ప్రయాణానికి సకినాలు చేద్దామని బియ్యం నానబోశాను. మా ఆయన చూసి, "పండుగ గాదు పబ్బం గాదు, గిప్పుడెందుకే? రిలీవర్ రానీ, అప్పుడు చేద్దువు" అన్నాడు. పిండి వంట చేస్తే ఆమె పోతున్నట్టు మేమే ఒప్పుకున్నట్టు ఆయన లెక్క. ఆ బియ్యం రుబ్బి అట్లు పోశాను. ఆమెను ఉత్త చేతులతో పంపించాను, అది ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆమె పోయే రోజు మధ్యాహ్నం జీపు దవాఖాన ముందుకొచ్చి నిలబడింది. సామాన్లు ఎక్కించారు. ఆమె చివరిసారి పలకరిద్దామని వస్తే, మా ఆయన "నడుస్త" అన్నాడు. ఆమె సంతోషపడి పట్టీ కట్టింది. ఆ కొసకు పోయాడు, తిరిగాడు, వచ్చాడు. కుర్చీ ముందుకొచ్చాక కూర్చోలేదు.

"కూసో బాపూ."

"కూసోను."

"కాలు వణుకుతాంది."

"వణకనీ. రిలీవర్ రాలే. నేను కూసోను, నువ్ ఇడవకు."

ఆమె ఎట్లా విడుస్తుంది? విడిస్తే పడతాడు. బయట జీపు హారన్ కొడుతోంది. ఫాదర్ లోపలికొచ్చాడు. "రైలుబండి టైం అయితాంది. బిడ్డను పోనీ."

"వస్తరన్నరు గదా మీరు. యాడున్నరు? సూపెట్టుండ్రి, ఇప్పుడే కూసుంట."

ఎవరి మీదా తప్పు లేదు. రాశారు, ఎవరూ రాలేదు. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. ఆయన గొట్టం పట్టుకున్న ఎడమ చెయ్యి తెల్లబడింది, చెమట గడ్డం మీద నుంచి కారుతోంది, కానీ నిలబడే ఉన్నాడు. మంచాన పడ్డప్పటి నుంచి అంతసేపు ఎన్నడూ నిలబడలేదు. ఆయన నిలబడాలని నేను మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు అదే నోటితో, కూర్చోబెట్టు తండ్రీ అని మొక్కుతున్నాను.

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను పోయి ఆమె చేతి కింద నా చెయ్యి పెట్టి పట్టీ పట్టుకున్నాను.

"నన్నే రిలీవర్ అనుకోరాదయ్యా" అన్నాను.

"నీతోని గాదే" అన్నాడు. కసురుకోలేదు, మెల్లగా అన్నాడు. ఆ మెల్లగా అనడమే నన్ను కాల్చింది.

ఆమె చెయ్యి తీసింది. ఒక ఊపిరి సేపు నా చేతిలోనే ఉన్నాడు. ఆ తర్వాత మోకాళ్లు మడుచుకుపోయాయి. పట్టుకోలేకపోయాను. ఇద్దరం కలిసి గొట్టాల కింద పరిచి ఉన్న పరుపు మీదికి జారిపోయాం. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆయన ఎముకలన్నీ తడిమి చూసింది. దెబ్బ తగల్లేదు. ఆమె కళ్ల నీళ్లు ఆయన చొక్కా మీద పడుతున్నాయి.

"పో బిడ్డా, బండి పోతది" అన్నాడు మా ఆయన, పైకప్పు చూస్తూ.

పోయింది. 

ఆ తర్వాత మా కూతురు కరీంనగర్ తీసుకుపోయి ఒకచోట చూపించింది. కాలికి కరెంటు వైర్లు అతికించి, గంట కొట్టగానే పీకేసి, తర్వాతివాళ్లను పిలిచారు. మా ఆయన మూడోరోజు ఇంటికి పోదామన్నాడు. మిషన్ దవాఖానలో ఆ గది తలుపు ఫాదర్ మా కోసం ఒకటి రెండుసార్లు తీశాడు. గొట్టాలు చూసి మా ఆయన ఆటోలోంచి దిగనేలేదు. ఇంట్లో నా భుజం పట్టుకుని ఒక్కో రోజు మంచం పక్కన నిలబడతాడు. మంచి రోజైతే వాకిలి దాకా వస్తాడు. వాకిలి దగ్గర ఒక్క మెట్టు ఉంది. అది మా ఇద్దరితో కాలేదు. పెంకులు వాలిన ఆ బాత్రూం తలుపు అక్కడి నుంచి కనబడుతూనే ఉంటుంది.

అప్పుడప్పుడు ఆ బిడ్డ ఫోన్‌లో కనబడుతుంది, మెడ చుట్టూ ఉన్నిగుడ్డ చుట్టుకుని.

"బాపూ, ఎట్లున్నవ్? నడుస్తున్నవా?"

"నడుస్తున్న బిడ్డా. పొద్దుగాల్నే పెరట్లకు పోయొచ్చిన, నా అంతల నేనే."

"నిజమేనా అమ్మా?" అని నన్నడుగుతుంది.

ఆయన నావైపు చూడడు. గోడవైపు చూస్తాడు. నేను తొట్టిని కాలితో మంచం కిందికి నెట్టి, ఫోన్‌లో ముఖం పెట్టి, "నిజమే బిడ్డా, నేను ఎనక నిలబడి చూసిన" అంటాను. అంత దూరంలో ఆమె రెండు చేతులూ చప్పట్లు కొడుతుంది. ఫోన్ పెట్టేశాక తొట్టిని మళ్లీ బయటికి లాగుతాను.

ఇంతే నాకు తెలిసింది. ఓపికగా కూర్చుని విన్నారు. మీ ఇంట్లో ముసలివాళ్లు తమ కాళ్ల మీదే తాము పెరటికి పోయి రావాలి. మీ ఇంట్లో పట్టుకునే చేతికి పట్టు చాలాలి. మీ గడప ఎవరికీ ఎత్తు కాకూడదు. చల్లగా ఉండండి.