తార్నాకకు రెండుసార్లు మోసుకెళ్ళిన మా ఇంటి నీళ్ళు

మా పాపకు ఐదేళ్ళు. ఈ వానాకాలంలో దానికి రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. రెండోసారి డాక్టరుగారు "ఇంట్లో ఏ నీళ్ళు తాగిస్తున్నారు?" అని అడిగినప్పటి నుంచి మా అత్తమ్మ ముఖంలో కళ పోయింది. ఆదోని నుంచి వచ్చి రామంతాపూర్‌లో మాతోనే ఉంటోంది. రోజూ నీళ్ళు కాచి, పలచటి గుడ్డలో వడగట్టి బిందె నింపేది ఆమే. ఎవరూ ఒక్క మాట అనకపోయినా తప్పు తన చేతిదేనని మనసులో పెట్టేసుకుంది, అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో పర్యావరణ శాస్త్రం చదివే పిల్లలు ఇళ్ళ నీళ్ళు పరీక్షించి చెబుతున్నారని ఆఫీసులో విన్నాను. శనివారం బయలుదేరుతుంటే అత్తమ్మ కూడా చీర మార్చుకుని వచ్చి నిలబడింది.

ఎనిమిది దాటితే హబ్సిగూడ దగ్గర బండ్లు కదలవు. అందుకని ఏడున్నరకే ఆటో ఎక్కాం. నూట యాభై అన్నవాడు నూట ఇరవైకి దిగాడు. అత్తమ్మ ఒళ్ళో స్టీలు సీసా చూసి, "ఏందమ్మా, గంత జాగ్రత్తగ పట్టుకున్నరు, నెయ్యా?" అన్నాడు.

"నీళ్ళు నాయనా."

"నీళ్ళకు ఆటోనా!" అని దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

తార్నాక చౌరస్తా గోల దాటి క్యాంపస్‌లోకి తిరిగితే గాలే మారిపోతుంది. చెట్ల నీడలో వాకింగ్ వాళ్ళు తీరిగ్గా నడుస్తున్నారు, ఎక్కడో నెమలి అరిచింది. నాకు అక్కడే దిగి నడవాలనిపించింది కానీ అత్తమ్మ తొందర అత్తమ్మది.

ల్యాబులో కవిత అని, జనగామ వైపు అమ్మాయి, రీసెర్చ్ చేస్తోంది. సీసా మూత తీసి లోపలికి చూసి, "అమ్మమ్మా, ఇందుల జీలకర్ర ఉన్నదేంది?" అంది.

"కాచి, వడగట్టి, రెండు గింజలు ఏసినా పాపా. బయటోళ్ళు చూసే నీళ్ళు, కొళాయి కింద పట్టి అట్లే తెస్తే బాగుంటాదా?"

నాకు నవ్వు ఆగలేదు. అత్తమ్మ నన్ను కళ్ళతోనే కాల్చేసింది. కవిత మాత్రం నవ్వకుండా శుభ్రం చేసిన సీసాలు రెండు ఇచ్చింది. "ఒకదాంట్ల నల్లా నీళ్ళు ఎట్లున్నయో అట్లనే పట్టున్రి. ఇంకోదాంట్ల కాగబెట్టినవి, జీలకర్ర లేకుండ. మధ్యాహ్నం లోపల తెస్తే ఇయ్యాలనే పరీక్షకు పెడ్త." మేం లేస్తుంటే మళ్ళీ అడిగింది. "పాప పళ్ళు ఏ నీళ్ళతోని తోముకుంటది?"

నేను అత్తమ్మ వైపు చూశాను.

"కొళాయి నీళ్ళే. పుక్కిలించమంటే సగం మింగేస్తాది," అంది అత్తమ్మ.

అదే ఆటో దొరకలేదు, దొరికుంటే ఇంకా నవ్వేవాడు. ఇంటికెళ్ళి నీళ్ళు పట్టుకుని మళ్ళీ వచ్చి ఇచ్చేసరికి పదకొండయింది. తార్నాకలో ఒక చిన్న హోటల్లో దోసె తిన్నాం, అల్లం చట్నీ ఘాటుగా చాలా బాగుంది. అత్తమ్మ మాత్రం సగం దోసె ప్లేటులోనే వదిలేసింది.

సోమవారం సాయంత్రం కవిత ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాను. "అమ్మమ్మా, మీరు కాగబెట్టిన నీళ్ళు మంచిగున్నయి. నల్లా నీళ్ళే ఖరాబున్నయి, మురుగు కలుస్తున్నది." అత్తమ్మ వంటింటి గడప మీద కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా చేతిది గాదు," అని రెండుసార్లు అంది. ఆ రాత్రి కడుపునిండా తింది, నాకు ప్రాణం కుదుటపడింది. వారంలోపే అపార్ట్‌మెంటు వాళ్ళం సంపు తెరిపించాం. పక్కనే పగిలిన డ్రైనేజీ పైపు కనిపించింది. దాన్ని బాగుచేయించి సంపు కడిగించాం.

చెట్ల నీడ కోసమైనా ఆ క్యాంపస్‌కు మళ్ళీ వెళ్తాను. ఊరంతా తిరిగి చూస్తాం గానీ మన సంపు మూత ఎప్పుడూ ఎత్తి చూడం. మీరూ నీళ్ళు పరీక్ష చేయించాలనుకుంటే ఇంటి సీసా మోసుకెళ్ళకండి, ముందు ల్యాబు వాళ్ళ సీసా తెచ్చుకోండి. ఇంట్లో నీళ్ళు కాచేది ఎవరో వాళ్ళను తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. నా కూతురు పళ్ళు ఏ నీళ్ళతో తోముకుంటుందో ఆ రోజు దాకా నాకు తెలియదు.