తలుపు వేసుకోమన్నది నేనే

మా ఆడబిడ్డ కరీంనగర్ నుంచి వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి నాకు బాత్‌రూం మీదే ధ్యాస. చిక్కడపల్లిలో మేముండేది పాత అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. బోరు నీళ్లు. బకెట్ అడుగున, కుళాయి చుట్టూ, టైల్స్ మీద తెల్లగా గార పట్టేస్తుంది, ఎంత రుద్దినా పోదు. కిందటిసారి వచ్చినప్పుడు ఆడబిడ్డ స్నానం చేసి తల తుడుచుకుంటూ, "వదినా, మీ బాత్‌రూం జర చూసుకోరాదూ" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట ఏడాదంతా నా మనసులో ఉండిపోయింది.

అందుకే ఆమె వచ్చే ముందురోజు, శనివారం, మా వీధిలోకి వచ్చిన బండి దగ్గర యాసిడ్ కొన్నాను. ఆ బండతను వారానికోసారి ఫినాయిల్, యాసిడ్ అని అరుచుకుంటూ వస్తాడు. అన్నీ పాత మంచినీళ్ల సీసాల్లోనే ఉంటాయి. వాటి మీద పేరుండదు, రంగు చూసి పోల్చుకోవాలి. బ్లీచింగ్ పౌడర్ కూడా ఒక కవర్లో కట్టిచ్చి, "రెండూ వాడితే అద్దం లెక్క మెరుస్తది మేడం" అన్నాడు. నేను నమ్మాను. నారాయణగూడలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు, చెప్పినదల్లా నమ్మొద్దు, ఎందుకని అడగండి అని చెప్తున్నదాన్ని. బండతన్ని మాత్రం ఏమీ అడగలేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమెది మహబూబ్‌నగర్ దిక్కు ఊరు. అప్పటికి ఆరేళ్లుగా మా ఇంటికి వస్తోంది. భర్త సెంట్రింగ్ పనికి పోతాడు. అడిక్‌మెట్ బస్తీలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. నాకన్నా నాలుగైదేళ్లు చిన్నది. గిన్నెలు తోముతున్నా, ఇల్లు తుడుస్తున్నా గట్టిగా మాట్లాడుతూనే ఉండేది. ఫోను పక్కన పెట్టుకుని ఊళ్లో ఉన్న అక్కతో మాట్లాడేది. ఫోన్లో ఎవరూ లేకపోతే నాతో, నేను వినకపోతే గిన్నెలతో. ఆమె ఇంట్లో ఏ మూలన ఉందో నేను తలెత్తి చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆదివారం పొద్దున్నే వచ్చింది. మావారు ఆడబిడ్డను తీసుకురావడానికి స్టేషన్‌కు వెళ్లారు. నేను పులిహోర కలిపే తొందరలో ఉన్నాను.

"మొదట పౌడర్ చల్లి జరసేపు నాననియ్యి. తర్వాత దాని మీదనే యాసిడ్ పొయ్యి" అన్నాను.

"రెండు ఒక్కపారేనా అమ్మా? ఘాటు కొడ్తది గదా."

"పదకొండింటికల్లా మా ఆడబిడ్డ వస్తది. జల్దీ కావాలె. తలుపు వేసుకో, వాసన వంటింట్లకు రాకుండ."

ఆమె ముక్కుకు కొంగు కట్టుకుని లోపలికి పోయింది. ఆ తలుపు దగ్గరికి వేస్తే నిలవదు, లోపల గొళ్లెం పెట్టాల్సిందే. గొళ్లెం పెట్టుకున్న చప్పుడు విన్నాను. ఆ బాత్‌రూంకి పైన ఒక చిన్న కిటికీ ఉండేది. పావురాలు వచ్చి గూడు పెట్టి ఖరాబు చేస్తున్నాయని, రెండేళ్ల కింద నేనే ప్లైవుడ్ ముక్క కొట్టించి మూయించాను.

కాసేపటికి దగ్గు వినిపించింది. యాసిడ్ పోస్తే ఎవరికైనా దగ్గు వస్తుందిలే అనుకున్నాను. తాలింపు మాడుతుందని స్టవ్ దగ్గరే నిలబడ్డాను. మళ్లీ దగ్గింది, ఈసారి ఆగకుండా. నేను కరివేపాకు వేశాను. ఆ కరివేపాకు చిటపటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఆ చప్పుడు ఆగేసరికి లోపల దగ్గు కూడా ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె ఉన్నప్పుడు మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ ఎరగను.

లోపల మగ్గు కిందపడింది. "ఏమైంది?" అన్నాను. జవాబు లేదు. తలుపు దగ్గరికి వెళ్లేసరికి కింద సందులోంచి వస్తున్న వాసన నా ముక్కుల్లో మంటలా దిగింది. కుళాయి నీళ్లలో మందు ఎక్కువైనప్పుడు వచ్చే వాసనే, కానీ ఊపిరి తీసుకుంటే గొంతు బిగుసుకుపోయేంత ఘాటు. రెండు చేతులతో తలుపు బాదాను. "గొళ్లెం తియ్యి! గొళ్లెం తియ్యి!" లోపల్నుంచి గోళ్లతో గీరుతున్న చప్పుడు. ఆమెకు కళ్లు కనిపించడం లేదు, గొళ్లెం కోసం తలుపంతా తడుముతోంది. నేను భుజంతో నెట్టాను, తలుపు కదల్లేదు. అది మా ఇల్లు. నేను డబ్బులు పోసి చేయించుకున్న గట్టి తలుపు.

ఎంతసేపో తెలియదు. గొళ్లెం ఊడింది. ఆమె నా మీదకి ఒరిగింది. ఆమె వెనకాల నేల మీద, మోకాళ్లెత్తున, పసుపు కలిసిన ఆకుపచ్చ పొగ మెల్లగా కదులుతోంది. ఊపిరి బిగబట్టి ఆమెను బాల్కనీలోకి ఈడ్చుకుపోయాను. ముఖం మీద, కళ్లలో నీళ్లు కొట్టాను. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా కుక్కర్ విజిల్‌కు ముందు వచ్చే సన్నటి కూతలాంటి చప్పుడు. నా అరుపులకు ఎదురింటి పెద్దావిడ విషానికి విరుగుడని మజ్జిగ గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. ఊపిరే ఆడని మనిషికి మజ్జిగ ఎలా పోస్తాం? ఇద్దరం కలిసి ఆమెను మెట్లు దింపాం.

ఆటో అతను వెనక్కి తిరిగి చూసి, "ఏం తాగిందక్కా?" అన్నాడు.

"ఏం తాగలేదన్నా. బాత్‌రూం కడిగింది."

అతను నమ్మలేదని ముఖంలోనే తెలిసింది. అయినా హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా నారాయణగూడ దాకా తోలాడు. దారంతా ఆమె నా మణికట్టు పట్టుకునే ఉంది. ఆ పట్టు సడలుతుందేమోనని నేను దారి చూడలేదు, ఆ చెయ్యినే చూస్తూ కూర్చున్నాను.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టర్ నడివయసాయన. వాసన పట్టగానే, "ఏమేం కలిపిన్రు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మాస్కు కింది నుంచి ఆమె గొంతు వచ్చింది. "నేనే కలిపిన సారూ. అమ్మ ఏం చెప్పలే."

నేను మాట్లాడలేదు. ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. ఊపిరి అందని మనిషి, ఉన్న కాస్త ఊపిరితో నన్ను కాపాడింది. నేను కాపాడనిచ్చాను. ఏవేవి, ఎంతెంత అన్నది మాత్రం చెప్పాను. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు.

"రెండూ కలిస్తే విషపు గాలి వస్తదమ్మా. మూసిన గదిలో అయితే మనిషి బయటికి రావడమే కష్టం. ఇప్పుడు బాగనే ఉన్నట్టు కనిపించినా ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. అది వెంటనే తెల్వదు. రేపటిదాక చూడాలె."

ఆమె భర్త పని దగ్గర నుంచి అలాగే వచ్చాడు. కాళ్లకు సిమెంటు ఎండిపోయి ఉంది. "పొద్దుగాల ఇంట్లకెళ్లి మంచిగనే వచ్చింది గదా మేడం. ఏమైంది?"

అప్పుడు చెప్పాను. "రెండూ కలిపి పొయ్యమన్నది నేనే. తలుపు వేసుకోమన్నది గూడ నేనే."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. అతను నావైపు చూసి, "మీకు తెల్వదా?" అన్నాడు.

"తెల్వదు."

"సదువు చెప్పే మీకే తెల్వకుంటే మాకెట్ల తెలుస్తది?"

అంతే. వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా నేను చూసింది ఒక్కటే, ఆమె వేలికి తగిలించిన యంత్రం మీద మారే అంకె. అది కొంచెం తగ్గినప్పుడల్లా లేచి నర్సును పిలుచుకొచ్చేదాన్ని. డాక్టర్ వచ్చి, గండం గడిచినట్టే అన్నాక కూడా ఆ అంకెను నమ్మలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి ఆడబిడ్డ కిటికీలన్నీ బార్లా తీసి కూర్చుని ఉంది. ఆ ప్లైవుడ్ ముక్క తానే ఊడదీయించింది. నేను వంటింటి సింకు కింద అలమర తెరిచాను. మిగిలిన యాసిడ్ సీసా మంచినీళ్ల సీసా పక్కనే ఉంది. రెండూ ఒకే కంపెనీవి, రెంటికీ ఒకే నీలం మూత. ఇన్నేళ్లూ నేను అటు చెయ్యి పెట్టి, చూడకుండానే సీసా తీసుకునేదాన్ని. ఆ రోజు నుంచి మా ఇల్లంటేనే నాకు భయం పట్టుకుంది. తలుపులన్నీ మూసిన పడకగదిలో రాత్రంతా వెలిగే దోమల మందు, బీరువాలో కలరా ఉండలు, దుర్వాసన తెలియకుండా చల్లే సెంటు. ప్రతిదాని ముందూ నిలబడి, దీంట్లో ఏముందో నాకు తెలుసా అని నన్ను నేనే అడిగేదాన్ని. తెలియదు. యాసిడ్ సీసా మురుగు మోరీలో పోయడానికి కూడా ధైర్యం చాల్లేదు. అక్కడ ఇంకేముందో, దేంతో కలుస్తుందో! వారం తర్వాత బండతను వస్తే అతనికే తిరిగిచ్చేసి జరిగిందంతా చెప్పాను.

"అందరూ ఇట్లనే కొంటరు మేడం. ఎవ్వరికి ఏం కాలే" అంటూ బండి తోసుకుపోయాడు. పక్క అపార్ట్‌మెంట్ ముందు మళ్లీ అదే అరుపు.

ఆమె మూడో రోజు ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లింది. దగ్గు నెలలు గడిచినా వదల్లేదు. మా ఇంటికి మళ్లీ పనికి రాలేదు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో కూరగాయలు తరిగే పనిలో కుదిరిందని తెలిసి, పోయిన నెల చూడటానికి వెళ్లాను. మెట్ల మీద కూర్చుని బీన్స్ తుంచుతోంది. పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"ఆ రోజు డాక్టర్‌తోని అట్ల ఎందుకన్నవ్?"

"పని పోతదనుకున్న అమ్మా."

"నా మీద కోపం రాలేదా?"

"కోపమేం లే. మీ ఇంటి మెట్లెక్కాలంటేనే గుండె దడదడ అంటది." ఊపిరి కోసం ఒక క్షణం ఆగింది. ఇదివరకు ఆమె మాటల మధ్య ఎక్కడా ఆగేది కాదు. "మొన్న గీడ గూడ గవే సీసాలు తెచ్చిన్రు. బాత్‌రూంలు కడిగే పిల్లను నేను లోపలికి పోనియ్యలే. వార్డెన్ మేడం తిట్టింది. తిట్టనియ్యి అన్న."

అంతలో దగ్గు తెర వచ్చింది. చేతిలో బీన్స్ పక్కన పెట్టి, గోడకు చెయ్యి ఆనించి దగ్గింది. నేను లేచి నిలబడ్డాను. ఏం చేయాలో తెలియక, దగ్గు తగ్గేదాకా ఆమె వీపు రాస్తూ అక్కడే ఉన్నాను.