మా ఆయన నడపని బండి

మా ఆయనకి కారు నడపడం రాదు. ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఈ మాట బందరులో పదిమంది ముందు అనడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆయనకి ఇంకా ఎక్కువే పట్టింది. పెళ్ళయిన కొత్తలో ఎవరిదో కారు మీద నేర్చుకోబోయి చర్చి కాంపౌండు గోడని గుద్దారు. గోడకి పెచ్చు కూడా ఊడలేదు, ఆయనకి మాత్రం ఆ రోజుతో సరి. తర్వాత స్కూటరు తప్ప మరే బండీ ముట్టుకోలేదు. బ్యాంకు మేనేజరై ఉండి స్కూటరు మీద తిరుగుతుంటే ఎంత నిరాడంబరుడో అని ఊరంతా మెచ్చుకుంది. ఆయన కాదనలేదు.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. నలభై ఆరో ఏట నన్ను పెదపారుపూడి అవతల ఒక ఊరికి బదిలీ చేశారు. వానాకాలంలో ఆ ఊరికి వెళ్ళే కాలవగట్టు మీదికి ఆటో రాదు, బస్సు ఏ కాలంలోనూ రాదు. ఒక వానాకాలమంతా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, విసుగెత్తి, డ్రైవింగు నేర్చుకుని, నాలుగు చక్రాలకీ ఊపు అందే బండి కొన్నాను. షోరూములో అట్టతో చేసిన పెద్ద తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి ఫొటో తీశారు. నాకు స్వీటు ప్యాకెట్టు ఇచ్చారు. ఆ ఆదివారం మా పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి, ఈ వాహనము నడుపు నీ దాసుని కాపాడమని ప్రార్థించారు. దాసుడు కళ్ళు మూసుకుని భక్తిగా ఆమెన్ అన్నాడు.

అలాంటి బండి ఉన్నవాళ్ళ గ్రూపు ఒకటి గుడివాడలో ఉందని తెలిసి చేరాను. దాన్ని పెట్టింది ఒక పళ్ళ డాక్టరు. తనకి కెప్టెన్ అని తనే పేరు పెట్టుకున్నాడు. ఎడారుల్లో, కొండల్లో బండ్లు తిరిగే వీడియోలు చూసీ చూసీ, ఒక వేసవిలో మాకు యాత్ర ప్రకటించాడు. గుడివాడ నుంచి నాగాయలంక అవతల సముద్రం దాకా మూడు రోజులు, మూడు బండ్లు. తారు రోడ్డు ఎక్కకూడదు. బండి కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. పెద్ద టైర్లు, పైన లైట్ల వరసలు, ఇనప బంపర్లు చేతకానివాళ్ళ వేషాలన్నాడు. బయల్దేరినప్పుడు స్టీరింగు ఎవరి చేతిలో ఉందో సముద్రం చూసేదాకా వాళ్ళ చేతిలోనే ఉండాలి, చేతులు మారితే ఆ బండి యాత్రలోంచి అవుట్.

మూడో బండి నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులున్న పెద్దమనిషిది. ఆయన్ని అందరం బావగారు అంటాం, ఎవరికి బావో ఎవరికీ తెలియదు. ఆయన బండి కొని రెండేళ్ళయినా సీట్ల మీద కంపెనీ పాలిథిన్ కవర్లు తియ్యలేదు. ఎండకి అవి వీపుకి అతుక్కుపోయి, దిగినప్పుడల్లా చొక్కా మార్చుకునేవాడు. ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. మా బండి వెనక అద్దం మీద బైబిలు వాక్యం స్టిక్కరు ఉంది. ఈ రెండూ కంపెనీ బండికి చేసిన మార్పుల కిందికి వస్తాయా రావా అని గుడివాడ సెంటర్లో నిలబడి అరగంట వాదించుకున్నాం. దేవుడికి సంబంధించినవి మార్పులు కావని కెప్టెన్ తీర్పు చెప్పాడు. అప్పటికి ఎండెక్కింది.

తర్వాత తలుపుల మీద డ్రైవర్ల పేర్లున్న స్టిక్కర్లు అంటించారు. మా బండికి కెప్టెన్ మా ఆయన పేరు వేయించాడు.

"నడిపేది నేనండీ," అన్నాను.

"దానిదేముంది మేడమ్, బండి సార్‌దే కదా," అన్నాడు కెప్టెన్.

మా ఆయన వంక చూశాను. "స్టిక్కరే కదా, పోనిద్దూ," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. స్టిక్కరు కోసం కాదు. ఈ మనిషి నన్నెప్పుడూ బండి నడపొద్దనలేదు. ఎక్కడికి తీసుకెళ్ళినా పక్కన కూర్చుని, వేరుశనక్కాయలు ఒలిచి నా చేతికందిస్తూ వచ్చే మంచి మనిషే. కానీ పదిమందిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "నాకు రాదు, ఆవిడే నడుపుతుంది," అనలేదు. ఎవరన్నా అడిగితే నవ్వేసేవారు. నేనే ఆయన పరువు కోసం నడుంనొప్పి అనో, కళ్ళజోడు మార్చాలనో ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఈ యాత్రలో నాకు సముద్రం అక్కర్లేదు, అది మా ఇంటికి దగ్గరే. ఆ ఒక్క మాట ఆయన నోట వినాలని బయల్దేరాను.

కృష్ణా డెల్టాలో రోడ్డు లేని చోటు వెతుక్కోవడం ఎంత కష్టమో మొదటి రోజే తెలిసింది. కాలవగట్టు దిగి కోసేసిన చేలల్లో పడగానే ఎక్కణ్ణించో ఒక రైతు పరిగెత్తుకొచ్చాడు.

"దారి తప్పారేంటండీ? రోడ్డు అటుంది. తిన్నగా ఎళ్తే తగులుద్ది."

"లేదండీ, కావాలనే ఇటొచ్చాం."

"అయ్యో, ఇటేముందండీ? రండి, నేను చూపిస్తా."

చూపించడమంటే చెయ్యెత్తి చూపించడం కాదు. మోటారుసైకిలు తెచ్చుకుని, మా ముందు నడిపి, తారు రోడ్డు ఎక్కించి, ఆయన ఇంటి దగ్గర ఆపి మజ్జిగ తాగించి పంపాడు. అంత ప్రేమగా దారి చూపించే మనిషిని మాకు రోడ్డు వద్దండీ అని ఎలా అంటాం? మా వైపు ఎవరూ అనలేరు. ఆయన కనుమరుగయ్యేదాకా తారు మీద బుద్ధిగా వెళ్ళి, మలుపు తిరిగాక మళ్ళీ చేలోకి దిగాం. అక్కడ ఇంకొకాయన సిద్ధంగా ఉన్నాడు. సాయంత్రానికి నాలుగుసార్లు తారు ఎక్కాం, నాలుగిళ్ళల్లో మజ్జిగ తాగాం, రెండిళ్ళల్లో తిన్నాం. కెప్టెన్ అడవిలో ఆకలికి పనికొస్తాయని డిక్కీ నిండా తెచ్చిన బిస్కెట్లు విప్పే పనే పడలేదు. మర్యాద కోసం ఎక్కిన తారు లెక్కలోకి రాదని ఆయనే సవరించాడు.

రెండో రోజు గిలకలదిండి చేరాం. హార్బరులో ఐసు దించుతున్నవాళ్ళు, వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు మా బండ్ల చుట్టూ మూగారు. మట్టిలో కూరుకుపోయిన మా వెనక చక్రాన్ని నాలుగు చక్రాల లీవరు వేసి ఒక్క ఊపులో బయటికి తెచ్చాను. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టి, అటువైపు వెళ్ళి మా ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

"ఎంత ధైర్యం సార్ మీది! ఆడాళ్ళ చేతికిచ్చి పక్కన నిబ్బరంగా కూర్చున్నారు."

"బాగా నేర్పారు సార్," అన్నాడు వల కుడుతున్న పెద్దాయన.

మా ఆయన వేరుశనక్కాయలు పక్కన పెట్టి, అభినందనలన్నీ చిరునవ్వుతో అందుకున్నారు. ఆ తర్వాత పులిగడ్డ దాకా నేను ఆయనతో మాట్లాడలేదు. అక్కడ వంతెన దాటక తప్పదు కాబట్టి దాని మీది తారు కూడా లెక్కలోకి రాదని కెప్టెన్ మళ్ళీ సవరించాడు. ఇంటికి ఫోన్ చేసి క్షేమం చెప్పాలన్నా నేను ఆయన్నడగలేదు, నేనే చేసుకున్నాను.

మూడో రోజు బావగారి రొయ్యల చెరువుల గట్ల మీదుగా వెళ్ళి పర్ర భూముల్లోకి దిగాం. పర్ర అంటే ఉప్పుటేటి పోటు వచ్చి పోయే బీడు. పైన ఉప్పు పేరుకుని తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. కింద నల్ల బురద. మేమందరం ఈ నేల మీద పుట్టినవాళ్ళమే. నీళ్ళు పెట్టిన చేను దమ్ము చెయ్యాలంటే ట్రాక్టరుకి కూడా టైర్లు తీసి ఇనప చక్రాలు తగిలిస్తారని ఇక్కడ బళ్ళో చేరకముందే తెలుస్తుంది. అయినా సిటీ రోడ్ల టైర్లతో దిగాం. కంపెనీ వాడు ఇచ్చాడు కదా!

కెప్టెన్ బండి ముందు దిగబడింది. దాన్ని లాగబోయి బావగారిది దిగబడింది. ఆ రెంటినీ లాగమని నన్ను పిలిచారు. నేను రానన్నాను. తాడు పొడుగ్గా ఉంది, ఏమీ కాదన్నారు. మూడు గజాలు వెళ్ళేసరికి మాదీ దిగబడింది. కంపెనీ నుంచి వచ్చినవి వచ్చినట్టే మూడు బండ్లు వరసగా బురదలో కూర్చున్నాయి.

బావగారు ఫోన్ చేస్తే పావుగంటలో ఇనప చక్రాల ట్రాక్టరుతో ఒకాయన వచ్చాడు. వెనకే ఊరు సగం వచ్చింది. తాడు కట్టే కొక్కెం ఎక్కడుందో మా కెప్టెన్‌కి తెలియలేదు. ముగ్గురు మగవాళ్ళు మా బండి కింద దూరి వెతికారు. అది విడిగా టూల్ కిట్‌లో ఉంటుంది, తెచ్చి బిగించాలి అని నేను చెప్పాను. కంపెనీ పుస్తకం ఈ యాత్రలో చదివింది నేనొక్కదాన్నే, మిగతా రెండు బండ్లలోనూ అది కవరు విప్పకుండా ఉంది. నేనే తెచ్చి, నేనే బిగించాను. అంతా చూసి ట్రాక్టరాయన మా ఆయన వైపు తిరిగాడు.

"సార్, మీరెక్కండి. లాగేటప్పుడు స్టీరింగు గట్టిగా పట్టాల. ఆడాళ్ళ వల్ల కాదు."

"ఎమర్జెన్సీ కాబట్టి రూలు సడలించవచ్చు," అన్నాడు కెప్టెన్.

మా ఆయన నా వంక చూశారు. అది నడుంనొప్పి కోసం చూసే చూపు. ఈసారి నేను చెప్పలేదు. బురద చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "నాకు... డ్రైవింగ్ రాదండీ. మొదట్నుంచీ ఆవిడే నడుపుతుంది."

ఆ మాట వచ్చింది! నేను ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట, అక్షరం తప్పకుండా, సగం ఊరి ముందు వచ్చింది.

అందరూ గొల్లుమని నవ్వారు.

"భలే జోకులండీ సార్ మీరు," అన్నాడు ట్రాక్టరాయన.

"అదండీ సంస్కారం అంటే," అన్నాడు బావగారు. "అంత పొజిషన్లో ఉండి కూడా భార్యని పైకెత్తి మాట్లాడుతున్నారు చూడండి."

"నిజంగానే రాదండీ," అన్నారు మా ఆయన. ఆయన గౌరవం ఇంకో మెట్టు పెరిగింది. కెప్టెన్ ఫోన్ తీసి ఆయన్ని వీడియో తియ్యడం మొదలుపెట్టాడు.

మా ఆయన నా చేతిలో తాళం తీసుకుని డ్రైవరు సీటెక్కారు. నేను నీరుగారిపోయాను. చివరికి ఈయన కూడా వాళ్ళ మాటే విన్నారనుకున్నాను. అప్పటికి తాడు ఇంకా కట్టలేదు.

ముందు వైపర్లు తిరిగాయి. తర్వాత హారన్ మోగింది. బండి స్టార్టయి, గేరు కిర్రుమని, ఒక ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశారు, మళ్ళీ ఎగిరి ఆగింది. మూడోసారి పెడల్ మొత్తం తొక్కినట్టున్నారు. నాలుగు చక్రాలూ ఒక్కసారిగా తిరిగి, వెనక నిలబడ్డ కెప్టెన్‌ని, ఆయన తెల్ల టీషర్టుని, వీడియో తీస్తున్న ఫోన్‌ని నల్లగా చేసేశాయి. బండి ఇంకో జానెడు కిందికి దిగింది. మా ఆయన తలుపు తీసి మోకాలి లోతు బురదలోకి అడుగు పెట్టారు.

"చూశారా? రాదు. ఎప్పుడూ రాలేదు. గుడివాడ నుంచి ఇక్కడిదాకా ఆవిడే నడిపింది," అన్నారు.

ఎవరూ నవ్వలేదు. ట్రాక్టరాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కుతో వాసన చూసి, గంభీరంగా తలాడించాడు.

"క్లచ్ పోయినట్టుందండీ. ఆడాళ్ళు క్లచ్ మీంచి కాలు తియ్యరు గదా. పాపం, సార్ మాత్రం ఏం చేస్తారు?"

కెప్టెన్ ముఖం తుడుచుకుంటూ అవునన్నాడు. బావగారు జాలిగా మా ఆయన భుజం తట్టాడు.

బ్యాంకులో ఖాతాదార్లు ఎంత అరిచినా గొంతు పెంచని మనిషి. నా మీద కూడా ఏనాడూ పెంచలేదు. ఆ మనిషి ఆ పర్ర మధ్య నిలబడి, కొంగలు లేచిపోయేలా అరిచారు.

"క్లచ్ బానే ఉందయ్యా! నేనే బాలేదు! ఆవిడ ఒక్క రోజు కూడా బండిని ఎక్కడా గీరలేదు. గోడకి గుద్దింది నేను! భయపడి మానేసింది నేను! ఇన్నేళ్ళూ మీరందరూ పొగుడుతుంటే నోరు మూసుకుని కూర్చుంది నేను! ఇంకెలా చెప్పమంటారు?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకోలేక గట్టు మీద కూర్చుండిపోయాను. కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ నిమిషంలో ఆయన మీద నాకు కలిగినంత ప్రేమ పెళ్ళినాడు కూడా కలగలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం.

ట్రాక్టరాయన నా దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని, "ఎక్కండి మేడమ్. తాడు బిగిసినాక నేను చెయ్యెత్తుతా, అప్పుడు కొంచెం కొంచెం ఎక్సలేటరు ఇవ్వండి," అన్నాడు. అతను చెయ్యెత్తాడు. నేను ఎంతివ్వాలో అంతే ఇచ్చాను. బండి బురదని వదిలి గట్టెక్కింది. స్టీరింగు చేతులు మారింది కాబట్టి మా బండి అవుట్ అని కెప్టెన్ చిన్నగా గుర్తుచేశాడు, రూలు రూలే కదా అన్నాడు. అలాగేనండీ అన్నాను. ఆయనదీ బావగారిదీ ఇంకా బురదలోనే ఉన్నాయి.

మా ఆయన ఎడమవైపు ఎక్కి, బెల్టు పెట్టుకుని, జేబురుమాలు తీసి స్టీరింగు మీది బురద తుడిచారు.

"బండి పోనీ," అన్నారు.

సముద్రం దాకా నేనే నడిపాను.